కాలిబంతి క్లబ్బుల జమాఖర్చులు

చరిత్రమనగా రాజుల వంశావళులు, యుద్ధముల తేదీలు మాత్రమేయని తలచెడి కాలము గడచినది. ఒక జాతి యెట్లు బ్రతికినదో తెలిసికొనగోరువారు ఆ జాతి కోటలతోపాటు కొట్లను, శాసనములతోపాటు చిట్టా ఆవర్జాలను గూడ పరిశీలింపవలెను. వినోదముల చరిత్రమునకును నిదియే న్యాయము. మైదానము చుట్టును నిలిచినవారు గోలులను లెక్కపెట్టుదురు. ఆ గోలులు కొట్టినవారు ఆ యూరికే యేల వచ్చిరి, కొన్నాళ్లకు మఱియొక యూరికేల పోయిరి యను ప్రశ్నకు సమాధానము మాత్రము క్లబ్బు కచ్చేరీలోని లెక్కపుస్తకములలో దొరకును.

ఈ వ్యాసమున మేము ఇంగ్లాండు దేశపు ఫుట్‌బాల్ క్లబ్బుల జమాఖర్చులను గూర్చియు, వానిని కట్టడి చేయుటకై సుమారు నూటనలువది యేండ్లుగా పుట్టిన నిబంధనలను గూర్చియు కొంత వ్రాయదలచితిమి. "మంచమున్నంతవఱకే కాళ్లు చాచుకొనవలెను" అను సామెతను మన యిండ్లలో నెఱుగనివారు లేరు. గృహస్థునకెట్లో క్లబ్బునకు నట్లేయని పలువురు చెప్పుదురు. అది నిజమే. కాని మంచము పొడవును నిర్ణయించినవా రెవరు, పొట్టిమంచము మీద ముడుచుకొని పండుకొనవలసినవా రెవరు అను విచారణ ఆ సామెతలో లేదు. మేము చేయబూనిన విచారణ యదియే.

ప్రెస్టన్ నగరపు సడెల్

1863లో లండనున ఫుట్‌బాల్ అసోసియేషను స్థాపింపబడినపుడు దానిని నడపినవారు పెద్ద పాఠశాలలలో చదివిన కలవారు. ఆటకు డబ్బు పుచ్చుకొనుట నీచమని వారి నమ్మకము. కూలికి పోవలసిన పని లేనివారి కట్టి నమ్మకము సులభముగా నబ్బును. కాని ఆట ఉత్తరదేశమునకు ప్రాకి, లాంకషైరు మండలమందలి నూలుమిల్లుల పట్టణములలో పాతుకొనెను. శనివారము మధ్యాహ్నమునకు పని ముగించిన కార్మికులు వేలకొలది మైదానములకు వచ్చి, రుసుము చెల్లించి, ఆట చూచుచుండిరి. చూచువారు డబ్బు చెల్లించుచుండగా ఆడువాడు మాత్రము తన కూలి పోగొట్టుకొని యూరక యాడవలెననుట న్యాయమా? క్లబ్బులవారు చాటున డబ్బిచ్చుటయు, పేరునకు మాత్రము ఉద్యోగములు కల్పించుటయు మొదలుపెట్టిరి.

1884లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బుమీద లండను క్లబ్బగు అప్టన్ పార్కువారు ఫిర్యాదు చేసిరి. ప్రెస్టన్ క్లబ్బును నడపుచుండిన విలియం సడెల్ నూలుమిల్లు మేనేజరు. ఆయన బొంకలేదు, డబ్బిచ్చుచున్నామని యొప్పుకొనెను. క్లబ్బు ఆ యేటి కప్పు పోటీనుండి తొలగింపబడెను. అంతట ఉత్తరదేశపు క్లబ్బులు తాము విడిపోయి వేఱు సంఘము పెట్టుకొందుమని బెదరింపగా, 1885 జూలైలో అసోసియేషనువారు జీతమునకాడు పద్ధతిని షరతులతో నంగీకరింపవలసి వచ్చెను. ఇక జీతములు వారము వారము చెల్లింపవలెనన్న వసూళ్లును వారము వారము నిశ్చయముగా రావలెను గదా. అందులకు ముందుగానే యేర్పఱచిన పోటీల పట్టిక కావలసెను. ఆస్టన్ విల్లా క్లబ్బు పెద్దలలో నొకడగు విలియం మెక్‌గ్రెగర్ చొరవతో 1888లో 12 క్లబ్బులు చేరి లీగుగా నేర్పడుటకు మూలమిదియే.

ఆ మొదటి లీగును ప్రెస్టన్ క్లబ్బు 22 ఆటలలో నొక్కటియు నోడక గెలుచుకొనెను; ఆ యేడే కప్పును గూడ గెలిచెను. పట్టణమంతయు సడెల్‌ను నెత్తిన బెట్టుకొనెను. ఆఱేండ్లు గడచినవి. 1895లో సడెల్ తాను మేనేజరుగానున్న మిల్లుల సొమ్ము నపహరించి దొంగలెక్కలు వ్రాసినట్లు బయటపడగా, న్యాయస్థానమువారు మూడేండ్ల కారాగారశిక్ష విధించిరి. ఆ సొమ్ములో కొంత ఆటగాండ్రకొఱకే ఖర్చయినది. శిక్ష తీఱినపిదప ఆయన దక్షిణాఫ్రికాకు పోయి యచ్చటనే మరణించెను. క్లబ్బు ఆశకును క్లబ్బు ఆదాయమునకును నడుమనున్న గోతిని ఒక్క మనుష్యుడు పరుల సొమ్ముతో పూడ్చుటకు ఇది తొలినాటి యుదాహరణము. ఇట్టి మనుష్యుడు తరువాతి కాలమునను పలుమాఱులు మనకు కనబడును.

నాలుగు పౌన్ల కట్టడి

జీతములు పెరుగుచుండగా చిన్నక్లబ్బులు భయపడినవి. కలిమిగల నగరములవారు మేటి యాటగాండ్రనందఱను కొనివేసినచో తమకు మిగులునదేమి? ఈ భయము నిష్కారణమైనది కాదు. దానికి మందుగా 1901నుండి యే ఆటగానికిని వారమునకు 4 పౌన్లకు మించి జీతమీయరాదను నిబంధన యమలులోనికి వచ్చెను. దీనికి తోడు, ఒక క్లబ్బు పుస్తకమున పేరెక్కిన ఆటగాడు తన ఒప్పందపు గడువు తీఱినను ఆ క్లబ్బు అనుమతి లేనిదే మఱియొక క్లబ్బునకు పోరాదు.

ఈ రెండు నియమములును కలిసినప్పటి ఫలమును 1905 నాటి యొక్క బేరము తేటపఱచును. మిడిల్స్‌బ్రో క్లబ్బువారు ఆల్ఫ్ కామన్ అను ఆటగానికొఱకు సండర్లాండు క్లబ్బువారికి 1,000 పౌన్లిచ్చిరి. అంత ధర యంతకుముందు విననిది. వేయి పౌన్లును సండర్లాండు క్లబ్బు పెట్టెలో పడెను. ఎవని కాళ్లకా ధర వచ్చెనో ఆ మనుష్యునకు నియమము ప్రకారము దక్కవలసిన వారపుజీతము మాత్రము నాలుగు పౌన్లే. పనివానికి వెల పెరిగి కూలి పెరుగకుండ చేయు నేర్పు ఇంతకంటె స్పష్టముగా నెచ్చటను కానరాదు.

అయినను న్యాయము కొఱకు రెండవ ప్రక్కను గూడ చెప్పవలసియున్నది. ఆ కాలపు నిబంధనలు ఆటగానిని మాత్రమే కట్టివేయలేదు. క్లబ్బు వాటాదారులకు నూటికి 5 పౌన్లకు మించి లాభాంశము పంచరాదు. డైరెక్టర్లు జీతము పుచ్చుకొనరాదు. క్లబ్బు మూతపడినచో అప్పులు తీర్చగా మిగిలిన యాస్తిని వాటాదారులు పంచుకొనరాదు. ఇంతియకాక లీగులో టిక్కెట్టు వసూళ్లనుండి సుమారు అయిదవవంతు, ఆడుటకు వచ్చిన పరయూరి క్లబ్బునకు చెల్లవలెనను పద్ధతి చాలకాలము నడచినది. జనసమృద్ధిగల నగరమునకు పోయి యాడిన చిన్నపట్టణపు క్లబ్బు ఆ నగరపు వసూళ్లలో పాలుపంచుకొనుచుండెను. దీని ఫలము కనుపించినది. 1949లోను, 1950లోను పోర్ట్స్‌మౌత్ లీగు గెలిచెను. సుమారు 80,000 జనులున్న మిల్లుపట్టణమగు బర్న్లీ 1960లో గెలిచెను. 1962లో ఇప్స్‌విచ్ గెలిచెను. చిన్నయూళ్ల ఆశలకు ఆ పద్ధతిలో చోటుండెననుట నిర్వివాదము.

ఆ చోటునకు బాడుగ చెల్లించినవారు మాత్రము ఆటగాండ్రు. నియమము కఠినమైనకొలది చాటుమాటు చెల్లింపులు పెరిగెను. 1906లో మాంచెస్టర్ సిటీ క్లబ్బు లెక్కలను అసోసియేషనువారు విచారించి, అక్రమ చెల్లింపుల నేరమున 17 మంది ఆటగాండ్రను శిక్షించి, వారికనెవ్వరును ఆ క్లబ్బునకాడరాదని శాసించిరి. వారిలో బిల్లీ మెరిడిత్ మొదలగు నలువురను పొరుగుననున్న మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు చేర్చుకొని 1908లో లీగు గెలిచెను. మెరిడిత్ ప్రభృతులు 1907లో ఆటగాండ్ర సంఘమును స్థాపించిరి. రెండేండ్లకు అసోసియేషనువారు సంఘమును వీడుడని యాజ్ఞాపింపగా, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాండ్రు లొంగక, తమ్ముతాము బహిష్కృతులని పిలుచుకొని నిలిచిరి. 1919లో లెక్కపుస్తకములు చూపనొల్లని లీడ్స్ సిటీ క్లబ్బు లీగునుండి వెళ్లగొట్టబడెను. దాని యాటగాండ్రను నగరములోని యొక హోటలులో వేలము వేసిరి. తప్పొప్పుల మాట యటుంచి, మనుష్యులను వేలము వేయవలసివచ్చు నియమములో నేదియో లోపమున్నదని యానాడు పెద్దలకు తోచకపోవుట వింత.

జీతపు హద్దు 1922లో వారమునకు 8 పౌన్లు, 1958లో 20 పౌన్లు. ఆటగాండ్ర సంఘాధ్యక్షుడగు జిమ్మీ హిల్ నాయకత్వమున సమ్మె తప్పదని తేలినపిదప, 1961 జనవరిలో ఆ హద్దు తొలగింపబడెను. ఫుల్హాం క్లబ్బు తన నాయకుడగు జానీ హేన్స్‌కు వెంటనే వారమునకు 100 పౌన్లిచ్చెను. 1963లో జార్జి ఈస్ట్‌హాం వ్యాజ్యమున న్యాయాధిపతి విల్బర్‌ఫోర్సు, గడువు తీఱిన ఆటగానిని పట్టియుంచుట జీవనోపాధికి అక్రమ నిర్బంధమని తీర్పు చెప్పెను.

స్త్రీల యాటయు, లెక్కల మిషయు

మన చదువరులలో స్త్రీలు పెక్కండ్రు గలరు గావున, ఈ చరిత్రలో సామాన్యముగా విడిచిపెట్టబడు నొక ఘట్టమును చెప్పక తీఱదు. మొదటి మహాయుద్ధకాలమున ప్రెస్టన్‌లోని డిక్, కెర్ కర్మాగారపు పనికత్తెలు ఒక ఫుట్‌బాల్ జట్టుగా నేర్పడిరి. 1920 డిసెంబరు 26న లివర్పూలులోని గుడిసన్ పార్కులో వారి యాట చూడ సుమారు 53,000 మంది వచ్చిరి. ధర్మకార్యములకు 3,000 పౌన్లకు పైగా వసూలయ్యెను. మఱుసటి డిసెంబరులో అసోసియేషనువారు తమ క్లబ్బులేవియు స్త్రీల యాటకు మైదానములీయరాదని తీర్మానించిరి. చూపిన కారణములు రెండు. ఈ యాట స్త్రీలకు తగదనుట యొకటి. వసూళ్లలో చాలభాగము ధర్మమునకు చేరక ఖర్చులక్రింద పోవుచున్నదనుట రెండవది.

మొదటి కారణమునకు సమాధానము ఆ 53,000 మంది కన్నులే చెప్పగలవు. రెండవదానిని మాత్రము పరిశీలింపవలెను. లెక్కలు సరిగాలేవను ననుమానము కలిగినచో తనిఖీదారుని పంపవచ్చును, రసీదులడుగవచ్చును, దోషులను దండింపవచ్చును. పురుషుల క్లబ్బులు దొంగలెక్కలు వ్రాసినపుడు చేసినది అదియే. ఒక క్లబ్బు తప్పునకు పురుషులందఱ యాటను నిలుపలేదు. స్త్రీల విషయమున మాత్రము లెక్కల మాట యెత్తి మైదానముల తలుపులే మూసివేసిరి. ఆ తలుపులు సుమారు 50 సంవత్సరములు మూసియేయున్నవి. ధనమును గూర్చిన నిబంధన యొకానొకప్పుడు దురభిమానమునకు ముసుగు కాగలదని యిందువలన తెలియుచున్నది.

కట్టులు సడలిన కాలము

ఆటగాని సంకెల 1961లో తెగినది. ధనికక్లబ్బుల సంకెలలు తెగుటకు మఱి యిరువదియేండ్లు పట్టెను. 1981లో డైరెక్టర్లు జీతము తీసికొనవచ్చుననిరి. 1983లో వసూళ్ల పంపకమును రద్దుచేసి, ఎవరి మైదానపు వసూలు వారికేయనిరి. ఆ యేడే టాటెన్‌హాం క్లబ్బు, క్లబ్బునకు పైన నొక కంపెనీని నిలిపి దాని వాటాలను లండను వాటాల బజారున నమ్మెను. లాభాంశపు హద్దు క్లబ్బునకే గాని పై కంపెనీకి వర్తింపదు గనుక, పాతనియమము పుస్తకముననుండియు లేనిదాయెను.

1992లో మొదటి తరగతి క్లబ్బులు విడివడి ప్రీమియర్ లీగుగా నేర్పడుటయు నీ త్రోవలోని మజిలీయే. అంతకుముందు టెలివిజను సొమ్ము నాలుగు తరగతుల క్లబ్బులకును ఎంతోకొంత చేరుచుండెను. ఇకమీదట పై తరగతి తన సొమ్మును తానే యమ్ముకొనసాగెను. వారు తమలో తాము పంచుకొనిన పద్ధతి యంత యన్యాయమైనది కాదు: స్వదేశపు టెలివిజను సొమ్ములో సగము అందఱకు సమముగాను, పావువంతు పట్టికలోని స్థానమును బట్టియు, పావువంతు ఎన్ని యాటలు ప్రసారమైనవో దానిని బట్టియు పంచిరి. గోడలోపల న్యాయము, గోడయవతల దారిద్ర్యము. క్రింది తరగతికి దిగిన క్లబ్బు ఆదాయము ఒక్కమాఱు కూలును. పైకెక్కినదాని యాదాయము ఒక్కమాఱు పొంగును. ఇట్టి చోట మితవ్యయము చేయువాడు పిఱికివాడనియు, అప్పుచేసి పందెము కాయువాడు ధీరుడనియు పేరుపొందుట సహజము. 1995లో ఐరోపా న్యాయస్థానము బోస్మన్ తీర్పున, గడువు తీఱిన ఆటగాడు ధర లేకుండ పోవచ్చుననెను. చిరకాలపు అన్యాయమొకటి తీఱినది. దానితో జీతములును మిన్నుముట్టినవి.

ఆ జూదమున లీడ్స్ యునైటెడ్ గతి యెల్లరెఱిగినదే. మునుముందు 25 సంవత్సరములకు రాబోవు టిక్కెట్టు వసూళ్లను కుదువబెట్టి, 2001లో 6 కోట్ల పౌన్లు అప్పుచేసెను. ఆ యేడు ఐరోపా పోటీలో నాలుగు క్లబ్బులలో నొకటిగా నిలిచెను. ప్రతియేడును ఆ పోటీలో నుందుమను నమ్మకముమీద నా యప్పు నిలిచినది. మఱుసటి యేటికే చోటు తప్పినది. 2004లో రెండవ తరగతికి, 2007లో మూడవ తరగతికి దిగజారెను. పోర్ట్స్‌మౌత్ కథయు నట్టిదే. 2008లో కప్పు గెలిచిన యా క్లబ్బు, 2010లో దివాలా పరిపాలనకు లోనై 9 పాయింట్లు కోల్పోయి క్రిందికి దిగెను.

ఇట దాచరాని విషయమొకటి యున్నది. క్లబ్బు దివాలాతీసినపుడు ఆటగాండ్రకును, ఇతర క్లబ్బులకును బాకీలు పూర్తిగా చెల్లవలెనని లీగు నియమము. ఆ కాలమున ప్రభుత్వపు పన్నులకును, ఊరిలోని చిన్న వర్తకులకును మిగిలినదానిలో పౌనుకు కొన్ని పెన్నీలే దక్కుచుండెను. పోర్ట్స్‌మౌత్ అప్పులవారి పట్టికలో, ఆటనాడు గాయపడినవారికి చికిత్సచేయు సెయింట్ జాన్ అంబులెన్సు సేవాసంఘము పేరును గలదు. లక్షలు గొన్నవారికి పూర్తి బాకీ, సేవకు వచ్చినవారికి చిల్లర! పన్నుల శాఖవారు ఈ నియమముపై వ్యాజ్యము వేసి 2012లో నోడిపోయిరి. మంచమును మించి కాళ్లు చాచినవా డొకడు. నేలపై పండుకొన్నవారు మఱియొకరు.

వచ్చినంతలోనే ఖర్చు

ఇట్టి దుర్దశలను చూచి ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్యవారు, మిషెల్ ప్లాటినీ యధ్యక్షతన, 2010లో నొక నిబంధనావళిని ప్రకటించిరి. ఐరోపా పోటీలలో నాడగోరు క్లబ్బు తన యాటవలన వచ్చు నాదాయమునకు మించి ఖర్చు చేయరాదనుట దాని సారము. 2011నుండి లెక్కలు చూడసాగిరి. ప్రీమియర్ లీగువారును 2013లో నట్టి నియమమునే చేసి, మూడేండ్లలో నష్టము 10 కోట్ల 50 లక్షల పౌన్లకు మించరాదనిరి. మైదాన నిర్మాణమునకును, బాలుర శిక్షణకును, స్త్రీల ఫుట్‌బాలునకును చేయు ఖర్చు ఆ నష్టమున చేర్పబడదు. ఇది మెచ్చదగినది.

ఈ నియమము అప్పులను కొంత యదుపు చేసెననుట నిజము. కాని దానిలో రెండు చిక్కులు గలవు. మొదటిది: ఖర్చునకు హద్దు పెట్టెను గాని ఆదాయపు పంపకమును తాకలేదు. నిబంధన పుట్టిననాటికే పెద్ద మైదానము, ప్రపంచమంతట అభిమానులు గల క్లబ్బు హెచ్చుగా ఖర్చుచేయవచ్చును. వెనుకబడినది వెనుకనే యుండవలెను. పైకి రాదలచిన క్లబ్బులు గనుక ఆదాయమునే పెద్దదిగా చూపు త్రోవలు వెదకినవి. అబూధాబి రాజకుటుంబీకుని చేతిలోనికి 2008లో వచ్చిన మాంచెస్టర్ సిటీతోను, కటార్ రాజ్యపు ధనముతో నడచు పారిస్ సేంజెర్మేన్‌తోను ఐరోపా సమాఖ్యవారు 2014లో జరిమానాలతో రాజీపడిరి. 2020 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీని రెండేండ్లు వెలివేయగా, జూలైలో క్రీడా మధ్యవర్తి న్యాయస్థానము ఆ వెలిని కొట్టివేసి, జరిమానాను 3 కోట్ల యూరోలనుండి కోటికి తగ్గించెను.

రెండవ చిక్కు లెక్కవ్రాత పద్ధతిలో నున్నది. 5 కోట్లకు అయిదేండ్ల ఒప్పందముమీద కొన్న ఆటగాని ఖర్చు ఏటికొక కోటి చొప్పున వ్రాయబడును. అతనిని నడుమ నమ్మినచో మిగిలిన విలువ పోగా వచ్చినదే లాభము. క్లబ్బులోనే చిన్ననాటినుండి పెరిగిన బాలునికి పుస్తకములో విలువ సున్న. అతని నమ్మినచో ధర యంతయు లాభమే. అందుచే నష్టమును పూడ్చుకొనవలసినపుడు ఇంట పెరిగినవానినే ముందుగా నమ్ముకొనవలసి వచ్చుచున్నది. నాటింగ్‌హాం ఫారెస్టు క్లబ్బు 2023లో తాను పెంచిన బ్రెన్నన్ జాన్సన్‌ను జూన్ 30లోపల అమ్మియుండిన నిబంధనకు కొంత లోబడియుండెడిది. సెప్టెంబరు వఱకు ఆగి 4 కోట్ల 75 లక్షల పౌన్లు పొందెను. హెచ్చుధర వచ్చినను లెక్కల గడువు దాటిపోయినది గనుక ఆ వాదము చెల్లలేదు. 2024 మార్చిలో 4 పాయింట్లు కోత పడెను. ఎవర్టన్ క్లబ్బునకు 2023 నవంబరులో 10 పాయింట్ల కోత విధించి, అప్పీలుమీద 6 చేసిరి; 2024 ఏప్రిలులో మఱి రెండు తగ్గించిరి.

ఎవరి సొత్తు?

ఈ నూటనలువదియేండ్ల కథను కలిపి చూచినపుడు మాకు తోచునది యిది. ప్రతి నిబంధనయు చిన్నక్లబ్బుల రక్షణమను పేరుననో, ఆట మర్యాద పేరుననో పుట్టినది. దాని మంచిచెడ్డలను ఆ పేరునుబట్టి నిర్ణయింపరాదు. భారమును వహించువారికి నిబంధన చేయుటలో నోరున్నదా? ఖర్చునకు హద్దు పెట్టినచోట రాబడిలో పంపకముకూడ నున్నదా? అంతయు చెడినపుడు ఊరివారికి మైదానము, చిన్న వర్తకునకు బాకీ దక్కునా? ఈ మూడు ప్రశ్నలు నడుగవలెను. 1901 నాటి నిబంధన రెండవ ప్రశ్నకు మంచి సమాధానమిచ్చి మొదటిదానిలో నోడినది. 1992 తరువాతి యేర్పాటు ఆటగానికి న్యాయముచేసి మూడవదానిలో నోడినది. 2010 నాటిది అప్పునాపబోయి రెండవదానిని మఱచినది.

మూడవ ప్రశ్నను మఱచినచో నేమగునో బరీ పట్టణము చూపినది. 1885లో పుట్టి, 1900లోను 1903లోను కప్పు గెలిచిన బరీ క్లబ్బు 2018 డిసెంబరులో ఒక్క పౌనుకు చేతులు మారినది. మఱుసటి ఆగస్టులో అప్పులు తీర్చు మార్గము చూపలేక లీగునుండి వెళ్లగొట్టబడినది. తాత తండ్రులనాటినుండి శనివారము శనివారము ఆ మైదానమునకు పోవుచుండిన కుటుంబములవారు ఆ యప్పు చేయలేదు. ఆ క్రయపత్రముమీద వారి సంతకము లేదు. శిక్ష మాత్రము వారికే పడెను. పోర్ట్స్‌మౌత్‌లో నట్లుగాక, 2013లో అభిమానులే చందాలు వేసికొని వాటాలు కొని క్లబ్బును నిలుపుకొని, నాలుగేండ్లు తామే నడిపిరి. జర్మనీదేశమున 1998నుండి, కొలది మినహాయింపులతో, క్లబ్బు వోట్లలో సగమునకు మించి సభ్యులచేతనే యుండవలెనను నియమము గలదు. ఇంగ్లాండులోను తుదకు ప్రభుత్వమే పూనుకొని 2025 జూలైలో శాసనము చేసి, క్లబ్బుల ధనస్థితిని, యజమానుల యోగ్యతను పరీక్షించుటకు స్వతంత్రాధికారి నేర్పఱచినది. దాని ఫలములను కాలము చూపవలసియున్నది.

మన యూళ్లలోను గ్రంథాలయములు, స్త్రీసమాజములు, క్రీడాసంఘములు గలవు. ఒక్క యుత్సాహవంతుని జేబుమీద నడచు సంఘము ఆతని జేబుతోనే చిరుగును. సంవత్సరాంతమున లెక్కలు చదువునపుడు మనలో పలువురు ఫలహారములకొఱకు ఎదురుచూచుచు కూర్చుందురు. సభ్యులందఱును, ముఖ్యముగా చందా చెల్లించియు మాటాడ జంకెడి స్త్రీలు, ఆ గడియలోనే లేచి, ఈ ఖర్చెవరు నిర్ణయించిరి, ఈ యప్పెవరు తీర్చవలెనని యడుగుట నేర్చుకొనవలెను. సడెల్ లెక్కలను ప్రెస్టన్‌వారు 1889లో నడిగియుండిన, ఆ విజయోత్సవము కొంత తగ్గియుండెడిదేమో. ఒక మనుష్యుని బ్రతుకును, ఒక మిల్లు సొమ్మును మిగిలియుండెడివి.